ఇంటికి వచ్చి చేసే సంరక్షణ సేవల్లో మన పెద్దల వ్యక్తిగత సమాచారం ఎవరెవరి చేతుల్లో ఉంటోంది?

తెనాలి_ఆడపడుచు · జనవరి 9, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మకు 78 ఏళ్లు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన తరవాత, దసరా వెళ్లినప్పటి నుంచి తెనాలిలో మా ఇంట్లోనే ఒక ఏజెన్సీ పంపిన అటెండెంట్ల సంరక్షణలో ఉంటోంది. అన్నయ్య హైదరాబాదులో, నేను డాలస్‌లో ఉంటాం. పగటి డ్యూటీకి ఒకరు, రాత్రి డ్యూటీకి ఒకరు వస్తారు. వాళ్ల పని మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు.

నా బాధ వేరు. ఏజెన్సీ వారు మొదటి రోజే ఒక వాట్సాప్ గ్రూపు తెరిచారు. అందులో అన్నయ్య, నేను, సూపర్‌వైజరు, ఆఫీసులో లెక్కలు చూసే ఒకాయన, ఇప్పుడు పనిచేస్తున్న ఇద్దరు అటెండెంట్లు ఉన్నారు. ఇంతకు ముందు వచ్చి మానేసిన వాళ్లు కూడా ఇంకా అందులోనే ఉన్నారు. పూటపూటకూ బీపీ, షుగర్, విరేచనం అయిందా లేదా, డైపర్ ఎప్పుడు మార్చారు అనే వివరాలతో పాటు, అమ్మకు నడుము కింద పడిన పుండు ఫోటోలు కూడా అందరికీ కనిపించేలా పెడుతున్నారు. పోయిన వారం మా వీధిలోనే ఉండే దూరపు బంధువు ఒకావిడ అమ్మను పలకరించడానికి వచ్చి, "పుండు మానిందా వదినా, ఫోటోలో చాలా పెద్దదిగా ఉంది" అని అడిగింది. మానేసిన అటెండెంట్లలో ఒకమ్మాయి ఇప్పుడు ఆవిడ ఇంట్లో పనిచేస్తోందని తరవాత తెలిసింది. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఏజెన్సీని అడిగితే, "మీ అన్నయ్యగారు అన్నిటికీ సంతకం పెట్టారండీ" అన్నారు. ఆ కాగితం తెప్పించి చదివాను. ఇంగ్లీషులో నాలుగు పేజీలున్నాయి. సేవకు అవసరమైన మేరకు సమాచారం సేకరించి పంచుకునే హక్కు తమకు ఉందని ఒక్క వాక్యం తప్ప, ఏ సమాచారమో, ఎవరితో పంచుకుంటారో, ఎంతకాలం ఉంచుకుంటారో ఎక్కడా లేదు. ఈ సంతకానికి చట్టంలో ఎంత బలం ఉంది? ఏజెన్సీని మార్చకుండానే ఈ పద్ధతిని మార్పించడం ఎలా? తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

గుంటూరు_వకీలు · జనవరి 9, రాత్రి 10:35

తెనాలి ఆడపడుచు గారూ, ముందుగా సంతకం సంగతి. మీ అమ్మగారు స్పృహతో, మతిస్థిమితంతో ఉన్న వయోజనురాలు. ఆమె శరీరానికి, ఆరోగ్యానికి సంబంధించిన సమాచారానికి సమ్మతి ఇవ్వవలసింది ఆమే. కొడుకు బిల్లు కట్టవచ్చు, సేవల ఒప్పందం మీద సంతకం పెట్టవచ్చు. అంతమాత్రాన తల్లి పుండు ఫోటోను పదిమందికి చూపించడానికి ఆమె తరఫున అనుమతి ఇచ్చినట్టు కాదు. గోప్యత రాజ్యాంగం 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఆ హక్కు మనిషికి చెందినది, కుటుంబపెద్దకు కాదు.

ఇక చట్టాల విషయం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అయితే నోటీసు, సమ్మతి, భద్రత, తొలగింపు వంటి ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు కాబట్టి, అవి 2027 మే నాటికి గాని అమల్లోకి రావు. అప్పటి నుంచి, ఏ సమాచారాన్ని ఏ పనికి తీసుకుంటున్నారో చెప్పే నోటీసును వ్యక్తి కోరుకుంటే రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా, అంటే తెలుగులో కూడా, అందుబాటులో ఉంచాలి. మీ అమ్మగారి వంటివారికి ఆ చట్టంలో అన్నిటికంటే పనికొచ్చే నిబంధన ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే చదవలేని కాగితం మీద పెట్టిన సంతకాన్ని సమ్మతి అనుకోవడం మనకు బాగా అలవాటైపోయింది.

అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. సమాచార సాంకేతిక చట్టం 43ఎ సెక్షను, దాని కింద 2011లో వచ్చిన నియమాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆరోగ్య స్థితి, వైద్య రికార్డులు ఆ నియమాల ప్రకారం సున్నితమైన సమాచారం. వాటిని తీసుకునే ముందు రాతపూర్వక సమ్మతి ఉండాలి, ఫిర్యాదుల అధికారి పేరు ప్రకటించాలి, వచ్చిన ఫిర్యాదును నెలలోపు పరిష్కరించాలి. ఒక్క మనిషి నడిపే చిన్న ఏజెన్సీకి కూడా ఇది వర్తిస్తుంది. వినియోగదారుల పరిరక్షణ చట్టం 2019 మరో దారి చూపిస్తుంది: వినియోగదారుడు నమ్మకంతో ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం అనుమతించని రీతిలో ఇతరులకు వెల్లడించడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, ముందుగా 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. చివరిగా, అనుమతి లేకుండా ఒకరి ఆంతరంగిక శరీరభాగాల ఫోటో తెలిసి తీసినా, పంపినా సమాచార సాంకేతిక చట్టం 66ఇ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు గాని, రెండు లక్షల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. పై అధికారి తీయమంటే తీసిన అటెండెంటు మీద ఈ సెక్షను ప్రయోగించమని నేను చెప్పడం లేదు. అయితే ఆమెను తీయమన్నవారు మాత్రం దీన్ని తెలుసుకుని ఉండాలి.

బెంజిసర్కిల్_వాసి · జనవరి 10, ఉదయం 6:50

నేను విజయవాడలో ఒక చిన్న హోంనర్సింగ్ ఏజెన్సీ నడుపుతున్నాను. మీ ఏజెన్సీ ఎవరిదో నాకు తెలియదు, వారిని సమర్థించడానికి ఇది రాయడం లేదు. ఈ గ్రూపులు ఎందుకు పుట్టాయో చెబితే, ఎలా మార్పించాలో తేలిక అవుతుందని రాస్తున్నాను.

పుండు ఫోటో వెనక ఒక భయం ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడే తోలు ఎర్రబడి ఉన్న రోగికి వారం తిరిగేసరికి పుండు తేలితే, "మీ అమ్మాయి పక్కకు తిప్పలేదు" అని డబ్బులు ఆపేసే కుటుంబాలు ఉన్నాయి. డ్యూటీలో చేరిన రోజే ఫోటో తీసి పెట్టమని ఏజెన్సీలు చెప్పేది అందుకే. విదేశాల్లో ఉన్న పిల్లలు కూడా రోజూ ఫోటో కావాలంటారు, పంపకపోతే పని జరగలేదనుకుంటారు. రుజువు కావాలన్న కోరిక రెండు వైపులా ఉంది. దాని బరువంతా మంచం మీద ఉన్న మనిషి మోస్తోంది.

మా ఏజెన్సీలో పద్ధతి ఇది. చార్టు పుస్తకం రోగి ఇంట్లోనే ఉంటుంది. బీపీ, షుగర్, మందులు, తాగిన నీళ్లు, పక్కకు తిప్పిన సమయం అందులోనే రాస్తారు. డ్యూటీ మారేటప్పుడు దిగే అమ్మాయి, ఎక్కే అమ్మాయి ఆ పుస్తకం చూసుకుని ఇద్దరూ సంతకం చేస్తారు. గ్రూపులో "ఇవాళ మామూలుగా ఉన్నారు, డ్రెస్సింగ్ మార్చాం" అన్న మాట వరకే. పుండు ఫోటో తప్పనిసరైతే నర్సు తీసి, డాక్టరుకు, కుటుంబం చెప్పిన ఒక్క మనిషికి మాత్రమే విడిగా పంపుతుంది.

ఒక సాంకేతిక విషయం చాలామంది గమనించరు. మానేసిన మనిషిని గ్రూపులోంచి తీసేసినంత మాత్రాన, అప్పటికే ఆమె ఫోన్లోకి దిగిన ఫోటోలు పోవు. ఫోన్ అమరికను బట్టి అవి గ్యాలరీలోనూ, అక్కడి నుంచి గూగుల్ ఫోటోస్‌లోనూ చేరి ఉంటాయి. ఇంట్లో పిల్లలు ఆ ఫోన్ తీసుకుంటే మీ అమ్మగారి ఫోటో వాళ్లకు కనిపిస్తుంది. అందువల్ల తీసేయడంతో సరిపెట్టకుండా, చెరిపేశామని రాసివ్వమని అడగండి. పని మానేవాళ్ల దగ్గర మేం ఆ కాగితం తీసుకునే ఆఖరి జీతం ఇస్తాం.

రిటైర్డ్_సిస్టర్ · జనవరి 10, ఉదయం 11:20

ప్రభుత్వ ఆసుపత్రుల్లో సర్జికల్ వార్డులు చూసి రిటైరయిన నర్సును. బెంజిసర్కిల్ వాసి గారి పద్ధతి సరైనదే. పుండును గమనించడానికి ఫోటో ఒక్కటే మార్గమని అనుకోవద్దని మాత్రం చెప్పాలి. పొడవు ఎన్ని సెంటీమీటర్లు, వెడల్పు ఎంత, లోతు ఎంత, అంచులు ఎలా ఉన్నాయి, చీము ఉందా, వాసన ఉందా అని తేదీ వేసి రాస్తే, డాక్టరుకు చాలావరకు అదే సరిపోతుంది. ఫోటో తీయక తప్పనప్పుడు దుప్పటి కప్పి, పుండు ఉన్నంత మేర మాత్రమే తెరిచి, పక్కన కొలత పట్టీ పెట్టి తీయాలి. ముఖం, గది, గోడ మీది ఫోటోలు పడకూడదు. తీసేముందు "అమ్మా, పుండు ఎంత మానిందో డాక్టరుగారికి చూపించడానికి ఫోటో తీస్తున్నాను" అని చెప్పి, ఆమె సరేనన్నాకే ఫోన్ బయటికి తీయాలి. మగతగా ఉన్న మనిషికైనా చెప్పాలి.

అటెండెంటుకు ఏం తెలియాలి అన్న ప్రశ్న కూడా ఆలోచించవలసిందే. ఏ మందులు పడవు, మింగేటప్పుడు పొరబోతుందా, ఏ కాలు మీద బరువు పెట్టకూడదు, రాత్రి లేస్తే తూలుతారా, ఏ చెవి వినపడదు, షుగర్ పడిపోతే ఎలా ఉంటారు అన్నవి తప్పకుండా తెలియాలి. వాటిని దాచితే ప్రాణానికే ముప్పు. బ్యాంకు పుస్తకం, ఆస్తి తగాదాలు, పాతికేళ్ల కిందట జరిగిన గర్భసంచి ఆపరేషన్, ఎప్పుడో వాడిన మానసిక వైద్యపు మందులు తెలియనక్కరలేదు. డిశ్చార్జి సమ్మరీ మొత్తం జిరాక్స్ తీసి గుమ్మంలోనే చేతిలో పెట్టేస్తుంటారు. అందులోంచి పనికొచ్చే ముక్కలు ఒక్క కాగితం మీద తెలుగులో రాసి ఇస్తే, ఆ అమ్మాయి కూడా చదువుకుంటుంది.

హెచ్‌ఐవీ గురించి ఒక మాట, ఎందుకంటే ఏజెన్సీ ఫారాల్లో ఈ ప్రశ్న నేను చూశాను. రక్తం, పుండు ముట్టుకునేటప్పుడు ఎవరి దగ్గరైనా తొడుగులు వేసుకోవలసిందే, ప్రతి రోగి విషయంలోనూ అవే జాగ్రత్తలు. అందువల్ల స్నానం చేయించి, అన్నం పెట్టే మనిషికి ఆ ఫలితం చెప్పవలసిన అవసరం సాధారణంగా రాదు. 2017లో వచ్చి 2018 సెప్టెంబరు నుంచి అమలవుతున్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, కోర్టు ఉత్తర్వు ఉంటే తప్ప ఎవరినీ తమ హెచ్‌ఐవీ స్థితి వెల్లడించమని బలవంతం చేయకూడదు. ముదిరిన క్షయ ఉండి కఫంలో క్రిములు పడుతుంటే మాత్రం సంగతి వేరు. అప్పుడు ఒకే గదిలో పడుకునే అటెండెంటుకు చెప్పి, మాస్కు ఇచ్చి, పరీక్ష చేయించడం మన బాధ్యత.

కాకినాడ_పెద్దబ్బాయి · జనవరి 10, మధ్యాహ్నం 2:05

అందరి మాటలూ గౌరవంతో చదివాను గాని, నా అనుభవం ఇంకో వైపు నుంచి ఉంది. మా నాన్నగారు రక్తం పలచబడే మందు వాడేవారు. రాత్రి బాత్‌రూమ్‌లో జారిపడితే, ఆసుపత్రికి తీసుకెళ్లిన కొత్త అటెండెంటుకు ఆ సంగతి తెలియదు. పాత అటెండెంటుకు తెలుసు, ఆఫీసుకు తెలుసు, కొత్తాయనకు ఎవరూ చెప్పలేదు. డాక్టరు అడిగిన ప్రశ్నకు జవాబు దొరికేసరికి తెల్లారింది. గోప్యత పేరుతో ఏజెన్సీలు ఇంకా నోరు మూసుకుంటే, మనవాళ్లకు ముప్పు పెరుగుతుందేమోనని నాకు భయంగా ఉంది.

లీడ్స్_కేర్‌వర్కర్ · జనవరి 10, సాయంత్రం 5:40

కాకినాడ పెద్దబ్బాయి గారి భయం న్యాయమైనది. ఇంగ్లండులో మాకు పనిలో చేరిన వారంలోనే చెప్పే పాఠంలో ఆ భయానికి జవాబు ఉంది. అక్కడ ఆరోగ్య, సంరక్షణ సేవల సమాచారానికి కాల్డికాట్ సూత్రాలు అని ఉన్నాయి. 1997లో ఆరు సూత్రాలతో మొదలయ్యాయి. ఎందుకు కావాలో చెప్పలేని సమాచారం వాడకూడదు, అవసరమైనంత మేరకే వాడాలి, అవసరమున్నవారికే అందాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. ఆచరణలో కొందరు వాటిని సాకుగా పెట్టుకుని, చెప్పవలసిన చోట కూడా చెప్పకపోవడం మొదలుపెట్టారు. అందుకని 2013లో ఏడో సూత్రం చేర్చారు: రోగి మేలు కోసం సమాచారం పంచుకోవలసిన బాధ్యత, దాన్ని కాపాడవలసిన బాధ్యత అంత ముఖ్యమైనది కావచ్చు. 2020లో చేరిన ఎనిమిదోది, తమ సమాచారం ఎలా వాడుతున్నారో రోగులకు ముందే తెలియాలంటుంది.

మీ నాన్నగారి విషయంలో ఏడో సూత్రం తప్పింది, తెనాలి ఆడపడుచు గారి అమ్మగారి విషయంలో మొదటి వాటిలో చాలా తప్పాయి. ఇద్దరికీ జరిగినదాని మూలం ఒకటే, ఎవరికి ఏది తెలియాలో ముందుగా ఎవరూ కూర్చుని ఆలోచించలేదు.

మా పని ఇలా ఉంటుంది. సంస్థ ఇచ్చిన ఫోనులోనే యాప్ ఉంటుంది, ఆ రోజు నా డ్యూటీలో ఉన్నవారి వివరాలే నాకు తెరుచుకుంటాయి. సొంత ఫోనుతో ఫోటో తీస్తే ఉద్యోగం పోతుంది. రోగి ఇంటి తాళంచెవి ఉంచే పెట్టె కోడ్, ఇంటి చిరునామా ఒకే చోట రాసుకోనివ్వరు. బస్సులో తోటివారితో తెలుగులో మాట్లాడుకున్నా రోగుల పేర్లు ఎత్తవద్దని మా మేనేజరు చెబుతుంది, ఎందుకంటే లీడ్స్‌లో తెలుగు తెలిసినవారు ఎక్కడ ఎదురవుతారో చెప్పలేం. తన గురించి ఏం రాశారో చూపించమని రోగి అడిగితే సాధారణంగా నెలలోపు నకలు ఇవ్వాలి. దాని వల్ల రాసే భాషే మారింది. "మొండి" అని ఇప్పుడు రాయం, "ఉదయం స్నానం వద్దన్నారు, సాయంత్రం చేస్తామన్నారు" అని రాస్తాం.

కూకట్‌పల్లి_కూతురు · జనవరి 10, రాత్రి 8:15

మా అమ్మ అటెండెంటుగా పనిచేస్తుంది. ఆమె వైపు నుంచి కూడా ఈ చర్చలో ఒక మాట ఉండాలి. పనిలో చేరేటప్పుడు ఆధార్ జిరాక్స్, ఫోటో, ఊరి చిరునామా, పోలీసు తనిఖీ కోసం వేలిముద్రలు అన్నీ తీసుకుంటారు. తనిఖీ న్యాయమే, కాదనడం లేదు. అయితే ఒక ఇంటివారు ఆమె ఆధార్ కార్డు ఫోటోను, నంబరుతో సహా, అపార్టుమెంటు గ్రూపులో పెట్టి "మా కొత్త ఆయా" అని రాశారు. పాలు తేవడానికి కిందికి దిగినా ప్రతి ఒక్కరూ ఆమెను ఊరి పేరు పెట్టి పిలిచేవారు. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది. ఇళ్లకు అది ఇస్తే చాలునని ఏజెన్సీలు చెప్పవచ్చు కదా?

ఇంకొకటి కెమెరా. రోగి మంచం ఎదుట కెమెరా పెట్టారు, అర్థం చేసుకోగలం. రాత్రి అమ్మ పడుకునేది కూడా అదే గదిలో, ఆ మంచం పక్కనే చాప మీద. చీర మార్చుకోవడానికి ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పలేదు. ఆ పెద్దావిడకు స్నానం బదులు తడిగుడ్డతో ఒళ్లు తుడిచేటప్పుడు కూడా కెమెరా నడుస్తూనే ఉండేది. అమ్మే లేచి దాని మీద తువ్వాలు కప్పేది. "పది నిమిషాలు కెమెరా ఎందుకు ఆగింది" అని విదేశం నుంచి ఫోన్ వచ్చేది.

తెనాలి_ఆడపడుచు · జనవరి 10, రాత్రి 9:30

కూకట్‌పల్లి కూతురు గారూ, ఇది చదివి మనసు చివుక్కుమంది. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. మా ఇంట్లో హాల్లో ఉన్న కెమెరా గురించి కూడా మాట్లాడాలని నిర్ణయించుకున్నాను.

మతిమరుపు_నాన్న · జనవరి 11, ఉదయం 7:25

వకీలు గారికి ఒక ప్రశ్న. మా నాన్నగారికి అల్జీమర్స్. ఎవరు అడిగినా సరే అంటారు, మరునిమిషం మరిచిపోతారు. అటువంటివారి సమ్మతి ఎవరు ఇవ్వాలి?

గుంటూరు_వకీలు · జనవరి 11, ఉదయం 9:00

కష్టమైన ప్రశ్న. భార్యగాని కొడుకుగాని ఆ బంధుత్వంతోనే చట్టబద్ధ సంరక్షకులు అయిపోరు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 పరిమిత సంరక్షకత్వానికి, అంటే ఆ మనిషితో కలిసి ఫలానా నిర్ణయాల వరకే సంరక్షకుడు తోడుండే ఏర్పాటుకు, దారి ఇచ్చింది, కొత్త డేటా చట్టం కూడా అటువంటి వైకల్యం ఉన్నవారికి చట్టబద్ధ సంరక్షకుడి సమ్మతి అడుగుతుంది. మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం 2017 ప్రకారం, మతి బాగున్నప్పుడే ఎవరైనా తమకు ప్రతినిధిని ముందుగా నియమించుకోవచ్చు. జబ్బు తొలిదశలో ఉన్న కుటుంబాలు ఆ కాగితం ఇప్పుడే రాయించుకోవడం మంచిది. కాగితం సంగతి అలా ఉంచితే, సమ్మతి చెప్పలేని మనిషి విషయంలో సమాచారం ఇంకా తక్కువగా తిరగాలి గాని ఎక్కువగా కాదు. చెప్పలేరు కదా అని అన్నీ పంచుకోవడం నేను చాలా ఇళ్లలో చూస్తున్నాను.

అందరికీ ఇంకొక విషయం. కొత్త చట్టం డిజిటల్ రూపంలో ఉన్న సమాచారానికే వర్తిస్తుంది. ఇంట్లో ఉండే చార్టు పుస్తకం దాని పరిధిలోకి రాదు, అదే పేజీని ఫోటో తీసి ఏజెన్సీ తన ఫోనులో పెట్టుకుంటే వస్తుంది. కుటుంబసభ్యులు సొంత అవసరానికి నడుపుకునే గ్రూపుకు మినహాయింపు ఉంది, ఏజెన్సీ నడిపే గ్రూపుకు లేదు. చట్టంలో ఒక లోటు కూడా నన్ను బాధిస్తోంది: భద్రత లోపిస్తే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు గాని, అది ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది. నష్టపోయిన మనిషికి పరిహారం ఇప్పించే 43ఎ సెక్షను మాత్రం ఆ చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చినప్పుడు తొలగిపోతుంది.

తెనాలి_ఆడపడుచు · జనవరి 12, రాత్రి 10:00

నిన్న అన్నయ్య తెనాలి వెళ్లాడు. వీడియో కాల్‌లో ముగ్గురం కూర్చుని, అమ్మనే అడిగాం. ఆమె చెప్పినవి మేం ఊహించినవి కావు. షుగర్, బీపీ ఎవరికి తెలిసినా తనకు పట్టింపు లేదంది. వాకర్ పట్టుకుని నడిచిన ఫోటో మాత్రం బంధువులందరికీ పంపమంది. పుండు సంగతి డాక్టరుకు, నాకు తప్ప అన్నయ్యకు కూడా పంపవద్దంది, "కొడుకు చూడవలసింది కాదు" అని. డైపర్ మాట గ్రూపులో రాయవద్దంది. కెమెరా పగలు ఉంచుకోవచ్చని, రాత్రి అటెండెంటు పడుకున్నాక తీసేయమని తనే చెప్పింది. అన్నయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు, తరవాత తన ఫోనులో ఉన్న ఫోటోలు ఆమె ఎదుటే చెరిపేశాడు.

ఏజెన్సీకి ఇవ్వబోయే ఉత్తరం ఇది, అమ్మ సంతకంతో:

"నాకు సంరక్షణ అందిస్తున్న మీ సంస్థకు తెలియజేయునది. నా శరీరం ఫోటోలు నర్సు, డాక్టరు అవసరానికి తప్ప తీయరాదు. తీసిన ఫోటోలు నా డాక్టరుకు, నా కుమార్తెకు మాత్రమే పంపాలి. ప్రస్తుత గ్రూపును మూసివేసి, పని మానివేసిన వారితో సహా అందరి ఫోన్లలో ఉన్న నా ఫోటోలను చెరిపివేయించి, ఆ సంగతి 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలి. నా మందులు, పడని మందులు, పడిపోయే ప్రమాదం వంటి వివరాలు డ్యూటీ మారిన ప్రతిసారీ కొత్తగా వచ్చేవారికి తప్పకుండా చెప్పాలి. నా సమాచారం గురించి మీ వద్ద ఏమి రాసి ఉందో నాకు తెలుగులో ఇవ్వాలి. ఫిర్యాదులు వినే మీ అధికారి పేరు, ఫోన్ నంబరు తెలపాలి."

ఇందులో మార్చవలసింది ఏమైనా ఉంటే చెప్పండి.

గుంటూరు_వకీలు · జనవరి 12, రాత్రి 10:50

బాగుంది. రెండు చేర్పులు. అన్నయ్యగారు ఇంతకు ముందు సంతకం చేసిన ఒప్పందంలో సమాచారం పంచుకోవడం గురించిన వాక్యానికి తాను సమ్మతి ఇవ్వలేదని, ఇచ్చినట్టు భావించినా ఇప్పుడు ఉపసంహరించుకుంటున్నానని అమ్మగారి మాటగా ఒక వాక్యం రాయండి. రెండోది, నకలు మీద ఏజెన్సీ ముద్ర, అందుకున్నవారి సంతకం, తేదీ తీసుకోండి. ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

బెంజిసర్కిల్_వాసి · జనవరి 13, ఉదయం 6:30

ఈ ఉత్తరాన్ని పేర్లు లేకుండా మా చేరిక ఫారంలో ఒక పేజీగా పెట్టుకోవడానికి అమ్మగారు ఒప్పుకుంటారేమో అడిగి చెప్పండి. మొదటి రోజే, రోగి మంచం దగ్గరే కూర్చుని నింపిస్తాం.